మత్తు ఇచ్చిన డాక్టరమ్మ

ఆపరేషన్ చేయించుకున్నవారు సర్జన్ పేరు చెబుతారు. మత్తు ఎవరిచ్చారని అడగండి, తెలియదంటారు. అలాంటి ఒకామె గురించి ఈరోజు చెప్తాను. ఆమె పేరు రూపాబాయి ఫర్దూన్‌జీ.

1885లో హైదరాబాద్ మెడికల్ స్కూల్లో చేరిన ఐదుగురు అమ్మాయిల్లో ఈ పార్సీ అమ్మాయి ఒకరు. 1889లో హకీం పట్టా తీసుకున్నారు. అప్పట్లో మత్తంటే క్లోరోఫాం. గుడ్డ మీద పోసి ముక్కు దగ్గర పెట్టాలి, రోగి ఊపిరి మీద నుంచి కన్ను తీయకూడదు. కాస్త ఎక్కువైతే మనిషి మళ్ళీ లేవడు. అది ప్రాణం ఎలా తీస్తుందో తేల్చడానికి నిజాం ఖర్చుతో 1888లో ఒకటి, 1889లో ఒకటి, రెండు కమిషన్లు హైదరాబాద్‌లోనే పనిచేశాయి. గుండె కంటే ఊపిరినే గమనించాలన్నారు స్కూలు ప్రిన్సిపాల్ ఎడ్వర్డ్ లారీ. గుండె కూడా హఠాత్తుగా ఆగిపోవచ్చని తర్వాత రుజువైంది. ఇంత వాదన నడుస్తున్న రోజుల్లో ఆమె రోగి తల దగ్గర నిలబడి ఆ పని చేశారు.

1909లో ఎడిన్‌బరో వెళ్ళారు. మత్తు వైద్యానికి ప్రత్యేకంగా కోర్సు లేదు. అందుకని భౌతిక, రసాయన శాస్త్రాలు చదివారు. అప్పటికే ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్న డాక్టరు! నేనైతే పట్టా రాగానే కొన్ని పుస్తకాలు అటకెక్కించాను.

1920లో చాదర్‌ఘాట్ ఆసుపత్రి సూపరింటెండెంటుగా రిటైరయ్యారు. ప్రపంచంలో తొలి మహిళా మత్తు డాక్టరు ఆమేనని చాలామంది అంటారు. వచ్చేసారి కలిసేటప్పుడు, మీ ఊరి ఆసుపత్రిలో మత్తు ఇచ్చేదెవరో పేరు కనుక్కుని రండి.