పశుసేవ: దయయు, రుసుమును

 

విరాటుని కొలువులో నకులుడు గుఱ్ఱములను, సహదేవుడు గోవులను కాచి, వాని రోగములు మాన్పి, రాజునొద్ద జీతము గైకొనిరి. వారి యన్న ధర్మరాజు మహాప్రస్థానమున తన వెంట నడచిన దిక్కులేని కుక్కను విడిచి స్వర్గమునకు రానొల్లననెను. జీతము తీసికొను నేర్పును, ఏమియు కోరని దయయు ఒక్క యింటివే.

పట్టణములలో నేడు ఈ రెండును ప్రక్కప్రక్కన కనబడుచున్నవి. చెన్నపట్టణమున 1959లో కెప్టెన్ వి. సుందరం స్థాపించిన బ్లూక్రాస్, హైదరాబాదున 1992లో అక్కినేని అమల నెలకొల్పిన బ్లూక్రాస్, విశాఖపట్టణమున 1996లో ఏర్పడిన జంతుసంరక్షణ సంఘము దిక్కులేని ప్రాణులకు దిక్కైనవి. ఆ పట్టణములందే రుసుము తీసికొని పెంపుడు జంతువులకు చికిత్స చేయు ప్రయివేటు వైద్యశాలలును నడచుచున్నవి. యజమానిలేని కుక్క రుసుము చెల్లింపజాలదు. అది దయాసంఘపు పాలు. యజమాని గల జంతువు వైద్యుని పాలు. ఈ హద్దు నిలిచినంతకాలము తగవు లేదు. చెల్లింపగలవారును ఉచితపు వరుసలో నిలిచినచో సంఘపు నిధి తఱుగును, వైద్యుని బ్రదుకు కుంటుపడును.

అహోబిల ప్రాంతమున లెక్క కొంత వేఱు. ఇచ్చట రోగి కుటుంబపు జీవనాధారము: పాడిగేదె, కాడియెద్దు, నల్లమల యంచున మేయు గొఱ్ఱెలమంద. గాలికుంటువంటి వ్యాధులకు ప్రభుత్వమువారు ఉచితముగా టీకాలు వేయించుచున్నారు. 2022లో రాష్ట్రమున సంచార పశువైద్య వాహనములును వచ్చినవి. ఐనను అర్ధరాత్రి గేదె ఈనలేక నేలబడి కొట్టుకొనునపుడు, దాపున నున్న వైద్యుడే దిక్కు. ఉచితశిబిరము ఏటికొకనాడు, కడుపులోని దూడ అడ్డము తిరుగుటకు శిబిరపు తేదీ చూడదు. శిబిరమునకు అలవాటుపడి వైద్యుని రుసుము బాకీ పెట్టిన యూరికి, ఒకనాడు పిలిచినను వైద్యుడు రాడు. అప్పుడు మిగిలిన రుసుము కంటె పోయిన గేదె వెల యెక్కువ.

దయాసంఘము వలన వైద్యునికిని మేలే కలదు. వెఱ్ఱికుక్క కఱచిన యెద్దునకు వెఱ్ఱి లక్షణములు తోచిన పిదప ఏ వైద్యుడును బ్రదికింపజాలడు. 2001లో వచ్చి 2023లో మార్చబడిన నియమములు వీధికుక్కల సంతాననియంత్రణమును, టీకాలను స్థానికసంస్థల బాధ్యత చేసినవి. ఆ పనికి దయాసంఘము తోడైనచో వీధికుక్కయు, దొడ్డిలోని పశువును, ఇంటిలోని పిల్లవాడును కూడ రక్షింపబడుదురు.

కావున శిబిరము జరిపించు దాతలు దూరమునుండి గాక సమీపమునున్న వైద్యునే పిలిచి, సంఘపు నిధినుండి అతనికి రుసుము ముట్టజెప్పవలెను. కలవారు తమ పశువునకు సొమ్ము చెల్లింపవలెను. లేనివారి పశువునకు, యజమానిలేని ప్రాణికి ఆ నిధి జామీను కావలెను. గ్రంథాలయమున జరుగుచున్నదియు ఇదియే గదా! పత్రికల బల్ల అందఱిది. ఇంటికి పుస్తకము కొనిపోవువాడు చందాదారుడు. చందా ఆగిననాడు బల్లమీద పత్రికయు ఉండదు. ఈ జమాఖర్చు గ్రహించిన గ్రామమున నోరులేని జీవము నిరాధారమై చావదు.