కృత్రిమ మేధ: ఒక పేరు పుట్టుక

'కృత్రిమము' అను మాట తెలుగువారి చెవికి అంత ఇంపుగా ఉండదు. కృత్రిమమైన నవ్వు, కృత్రిమమైన ఆదరము అన్నంతనే కపటము స్ఫురించును. కాని సంస్కృతమున ఆ మాటకు మూలార్థము 'చేయబడినది' అని మాత్రమే. 'మేధ' యనగా గ్రహించిన దానిని నిలుపుకొను బుద్ధి. ఈ రెండింటిని జోడించి నేడు మనము 'కృత్రిమ మేధ' అనుచున్నాము. ఇది 'ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్' అను ఆంగ్ల నామమునకు అనువాదము. ఆ నామము ఎట్లు పుట్టినదో తెలిసికొన్నచో, దానికి మనము ఈయవలసిన విలువ యెంతో తెలియును.

యంత్రములు ఆలోచింపగలవా యను ప్రశ్నను ఇంగ్లండున ఆలన్ ట్యూరింగ్ 1950లోనే ఒక వ్యాసమున చర్చించెను. అయితే ఆయన ఈ పేరు వాడలేదు. పేరు పెట్టినవాడు అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో గణితము బోధించుచుండిన జాన్ మెకార్థీ. అప్పటికాయనకు ఇరువది యెనిమిదేండ్లు నిండలేదు. 1955 ఆగస్టు 31వ తేదీ గల ఒక పత్రమున ఆయనయు, మార్విన్ మిన్‌స్కీ, నేథానియల్ రోచెస్టర్, క్లాడ్ షానన్ అనువారును, మరుసటి వేసవిలో పదిమంది రెండు నెలలు పరిశోధన జరుపుటకై రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్‌వారి ధనసహాయమును అర్థించిరి. ఆ పత్రపు శీర్షికలోనే ఈ మాట కలదు.

క్రొత్త పేరెందుకు? నార్బర్ట్ వీనర్ స్థాపించిన 'సైబర్నెటిక్స్' అను శాస్త్రము అప్పటికే ప్రసిద్ధికెక్కినది. తమ కృషిని దానితో ముడిపెట్టకుండుటయు ఒక కారణమని మెకార్థీ తరువాత చెప్పెను. 1956 నాటి ఆ సమావేశమునకు, తర్కశాస్త్ర సిద్ధాంతములను నిరూపించు కంప్యూటరు ప్రోగ్రామును సిద్ధపరచుకొని వచ్చిన న్యూయెల్, సైమన్ అనువారికి ఈ పేరు రుచింపలేదు. 'సంక్లిష్ట సమాచార ప్రక్రియ' యనుటయే వారికిష్టము. అదియే నిలిచియుండిన యెడల, నేడు దానిని విని భయపడువారును, ఆరాధించువారును ఇందరుండెడివారు కారేమో!

గమనింపవలసినది మరొకటి కలదు. నేర్చుకొనుట మొదలైన బుద్ధి లక్షణములను ఖచ్చితముగా వర్ణింపగలిగినచో, యంత్రముచేత వానిని అనుకరింపజేయవచ్చునని ఆ పత్రము భావించినది. అది ఊహ యని వారే వ్రాసిరి. అనగా ఈ పేరు ఒక ఆశకు పెట్టిన పేరేగాని, సాధించిన ఫలమునకు పెట్టినది కాదు.

ఆ ఆశ ఎంత శ్రమను కోరినదో మన తెలుగు బిడ్డ రాజ్ రెడ్డిగారి జీవితమే చెప్పును. చిత్తూరు సీమలోని కాటూరున 1937లో జన్మించిన ఆయన, స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున మెకార్థీ శిష్యుడై 1966లో డాక్టరేటు పొందెను. మనిషి పలికిన మాటను యంత్రముచే గుర్తింపజేయుట ఆయన సాధన. ఇంటిలోని పసివాడు ఆటలాడుచు నేర్చు ఆ పని యంత్రమునకు పట్టుబడుటకు దశాబ్దములు పట్టినది. ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి 1994వ సంవత్సరపు ట్యూరింగ్ పురస్కారమును రెడ్డిగారు అందుకొనిరి.

నేడు యంత్రము ఉత్తరము వ్రాయుచున్నది, ప్రశ్నలకు బదులు చెప్పుచున్నది. రేపు మీ అప్పు దరఖాస్తును త్రోసిపుచ్చి, 'ఇది మేధ చేసిన నిర్ణయము, మేమేమి చేయగలము?' అని ఎవరైన చేతులు దులుపుకొనవచ్చును. అప్పుడు 'మేధ' యను మాటకు బెదరక, దాని ముందున్న మాటను జ్ఞప్తికి తెచ్చుకొనుడు. కృత్రిమమనగా చేయబడినది. చేయబడినదానికి చేసినవారుండి తీరుదురు. సమాధానము చెప్పవలసినది వారే.