ఆజ్ఞకు హద్దు: జనరల్ బొలార్దియేర్ జీవితం

ఫ్రెంచి సేనాని అనగానే తెలుగువారికి గుర్తొచ్చేది బుస్సీ. 1757 నాటి బొబ్బిలి యుద్ధం అతణ్ణి మన కథల్లో ప్రతినాయకుడిగా నిలిపేసింది. నేను ఇవాళ మాట్లాడబోయేది రెండు వందల ఏళ్ల తర్వాతి సేనాని గురించి. ఆయన పేరు జాక్ పారీ ద బొలార్దియేర్. రెండో ప్రపంచ యుద్ధంలో నార్వే నుంచి లిబియా ఎడారి దాకా పోరాడినవాడు. 1957లో, ఫ్రెంచి పాలన నుంచి స్వాతంత్ర్యం కోసం పోరాడుతున్న అల్జీరియాలో తన సైన్యమే ఖైదీలను చిత్రహింసలు పెడుతుంటే బాహాటంగా ఖండించిన ఫ్రెంచి జనరల్. చివరి రోజుల్లో అహింసావాది. ఈ కథను చాలామంది మనసు మారిన సైనికుడి కథగా చెబుతారు: ముందు కత్తి, తర్వాత పశ్చాత్తాపం, ఆపైన శాంతి. వినడానికి బాగుంటుంది గాని అది నిజం కాదని నా వాదన. ఆయనకు పతకాలు తెచ్చిపెట్టిన గుణమూ, ఆయన్ను కోటలో నిర్బంధించడానికి కారణమైన గుణమూ ఒక్కటే.

1907లో శాతోబ్రియాంలో పుట్టి, సాంసీర్ సైనిక కళాశాలలో చదివాడు. తోటివాళ్లు అధికారులై బయటికొస్తే, తలబిరుసువాడని ఈయనను సార్జెంటు హోదాతోనే పంపారు. 1940 వసంతంలో నార్వేలోని నార్విక్ కోసం విదేశీ దళంతో కలిసి పోరాడి తిరిగొచ్చేసరికి ఫ్రాన్సు కూలిపోయింది. పెతాఁ ప్రభుత్వం జర్మనీతో సంధి చేసుకుంది. చట్టం ప్రకారం సైనికుడు ఆ ప్రభుత్వానికే విధేయుడు. లండన్ నుంచి పోరు కొనసాగిస్తానన్న ద గోల్ వెంట వెళ్లడమంటే దేశద్రోహం. ద గోల్‌కు అదే ఏడాది ఆగస్టులో మరణశిక్ష కూడా విధించారు. బొలార్దియేర్ లండన్ దారే పట్టాడు. ఆ తర్వాత ఎరిత్రియా, లిబియా. ఆయనకు దక్కిన గౌరవాల్లో విమోచన పతకం ఒకటి. దాన్ని మొత్తం మీద 1,038 మంది వ్యక్తులకే ఇచ్చారు. ఆ పతకం దేనికిచ్చారో గమనించండి. ధైర్యానికి ఇచ్చారు, నిజమే. కాని అంతకు ముందు, చట్టబద్ధమైన ఆజ్ఞను కాదన్నందుకు ఇచ్చారు. ఆజ్ఞకు ఒక హద్దు ఉంటుందని, ఆ హద్దును సైనికుడు తానే గుర్తించాలని సాక్షాత్తూ ఫ్రెంచి రాజ్యమే ఆ పతకంతో ఒప్పుకుంది. పదిహేడేళ్ల తర్వాత ఆ సంగతి రాజ్యానికి గుర్తులేకపోయింది, అంతే.

1944 ఏప్రిల్‌లో ఆయన పారాచూట్‌తో ఆర్డెన్ అడవుల్లో దిగి, ప్రతిఘటన దళాలకు నాయకత్వం వహించాడు. జూన్‌లో జర్మన్లు మానీజ్ దగ్గర చుట్టుముట్టి, చిక్కిన 106 మంది యువకులను హింసించి కాల్చి చంపారు. అప్పట్లో జర్మన్ల లెక్కలో వాళ్లు సైనికులు కారు, ఉగ్రవాదులు. ఈ ఒక్క సంగతి తెలియకపోతే 1957 అర్థం కాదు. అల్జీరియాలో పట్టుబడ్డవాణ్ణి ఉగ్రవాది అనగానే వాడి ఒంటి మీద ఏం చేసినా చెల్లుతుందన్నప్పుడు, ఆ వాదన ఆయన చెవికి కొత్తదేమీ కాదు. అడవిలో శత్రువు నోట విన్నదే, ఈసారి తన యూనిఫాం వేసుకుని వచ్చింది.

1956లో జనరల్ హోదాతో ఆయన అల్జీరియాలోని బ్లీదా కొండల తూర్పు ప్రాంతానికి బాధ్యుడయ్యాడు. చిత్రహింసలు కూడదన్నాడు, స్థానికులకు పని దొరికేలా నిర్మాణాలు మొదలుపెట్టించాడు. 1957 జనవరిలో అల్జీర్స్ నగరంలో పోలీసు అధికారాలన్నీ జనరల్ మాసూ పారాచూట్ డివిజన్ చేతికి వచ్చాయి. ఇంటింటి సోదాలు, మాయమైపోయిన మనుషులు, కరెంటు షాకులు. బొలార్దియేర్ మాసూతో ముఖాముఖి విభేదించి, తనను ఆ బాధ్యత నుంచి తప్పించమని కోరాడు. మార్చి నెలాఖరున లెక్స్‌ప్రెస్ పత్రికలో ఆయన ఉత్తరం అచ్చయింది. తక్షణ ఫలితం పేరుతో నైతిక విలువలను వదులుకోవడం ఎంత ప్రమాదమో దాని సారాంశం. ఏప్రిల్‌లో అరవై రోజుల కోట నిర్బంధం విధించారు. మాసూ కూడా అదే విమోచన పతకం పొందినవాడే. కనుక ఇది వీరుడికీ పిరికివాడికీ మధ్య తగాదా కాదు.

చిత్రహింసలు కూడదన్న ఆయన వైఖరికి బలమైన ఆక్షేపణ ఒకటుంది. 1956 సెప్టెంబరు 30న అల్జీర్స్‌లోని మిల్క్ బార్ అనే కేఫులో బాంబు పేలింది; బాధితుల్లో చిన్నపిల్లలున్నారు. ఇంకో బాంబు ఎక్కడుందో తెలిసినవాడు చేతికి చిక్కితే, ప్రాణాలు కాపాడాల్సిన అధికారి ఏం చేయాలి? ఈ ప్రశ్నను తేలిగ్గా తోసిపుచ్చేవాళ్లను నేను నమ్మను. కాని జరిగింది చూడండి. 1957 అక్టోబరుకల్లా అల్జీర్స్‌లో తిరుగుబాటు యంత్రాంగం ఛిన్నాభిన్నమైంది, సైన్యం గెలిచింది. 1962 జూలైలో అల్జీరియా స్వతంత్రమైంది. ఇక ఆ చిత్రహింసల గదుల్లోకి వెళ్లినవాళ్లందరూ బాంబులు పెట్టినవాళ్లా? మోరిస్ ఓదాఁ గణితం బోధించే యువకుడు. 1957 జూన్‌లో సైనికులు తీసుకెళ్లారు, తిరిగి రాలేదు. ఫ్రెంచి అధ్యక్షుడు ఆ నేరాన్ని రాజ్యం తరఫున ఒప్పుకున్నది 2018లో. ఒక్క బాంబు కోసమని తెరిచిన తలుపు ఆ ఒక్కడి దగ్గరే ఆగలేదు. 2000 సంవత్సరంలో ముసలి మాసూయే, యుద్ధానికి చిత్రహింసలు తప్పనిసరి కావని, అవి లేకుండానే పని జరిగేదని లె మోంద్ పత్రికతో అన్నాడు.

రెండో ఆక్షేపణ సైనికుల నుంచి వస్తుంది: ప్రతి అధికారీ తన మనసు చెప్పినట్టు నడుచుకుంటే సైన్యం మిగులుతుందా? 1961 ఏప్రిల్‌లో షాల్, సలాన్, జూఓ, జెల్లెర్ అనే నలుగురు జనరళ్లు, అల్జీరియాను వదులుకోరాదంటూ, తమ అంతరాత్మ పేరుతోనే అల్జీర్స్‌లో తిరుగుబాటు చేశారు. తేడా చేసిన పనిలో ఉంది. వాళ్లు ఇతరుల బిడ్డలను, అంటే సైనికులను, తమ అభిప్రాయం వెనక నడిపించి ప్రభుత్వాన్ని లొంగదీయాలనుకున్నారు. ఈయన పదవి వదులుకుని, శిక్ష తలవంచి భరించాడు; ఒక్క తుపాకీని కూడా తన మాటకు తోడు తెచ్చుకోలేదు. ఉత్తరం అచ్చు వేయించడం నియమోల్లంఘనే, కాదనను. దాని ఖర్చు ఆయన ఒక్కడే చెల్లించాడు. ఆ తిరుగుబాటు చూశాక ఆయన సైన్యానికే రాజీనామా చేశాడు. అన్నట్టు, తిరుగుబాటు జనరళ్లలో బతికున్నవాళ్లకు 1982లో ఒక చట్టం హోదాలు తిరిగి ఇచ్చింది. రాజ్యాలకు తుపాకీ ఎత్తినవాణ్ణి క్షమించడం ఎందుకో సులువు.

నా వాదనకు ఇబ్బంది కలిగించేది ఇండోచైనా. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఆయన అక్కడ ఏళ్ల తరబడి వలస యుద్ధమే చేశాడు. ఊళ్లు తగలబడని యుద్ధం కాదది. అప్పుడు హద్దు కనిపించలేదా? ఆయన్ను ఋషిని చేస్తే ఈ ప్రశ్నకు జవాబు ఉండదు. నేను చేయడం లేదు. వలస పాలన తప్పా ఒప్పా అన్న ప్రశ్నను ఆయన ఆలస్యంగానే అడిగాడు. పట్టుబడిన మనిషి ఒంటి విషయంలో మాత్రం ఆలస్యం చేయలేదు. రెండూ ఒకటి కావు. రెండోదానికి తత్వజ్ఞానం అక్కర్లేదు, మానీజ్ గుర్తుంటే చాలు.

రాజీనామా తర్వాత ఆయన బ్రిటనీలో సామాన్యుల ఇళ్ల కోసం, శిక్షణ కోసం పనిచేశాడు. అహింసా ఉద్యమంలో చేరాడు. 1973 జూలైలో మురురోవా దగ్గర ఫ్రెంచి అణు పరీక్షలను అడ్డుకోవడానికి వెళ్లిన ఫ్రీ అనే చిన్న ఓడలో ఆయన ఉన్నాడు. ఫ్రెంచి నావికాదళమే ఆ ఓడను పట్టుకుంది. అరవై అయిదేళ్ల మాజీ పారాచూట్ జనరల్ తన దేశపు నావికుల చేతికి చిక్కాడు. ఆ తర్వాత లీజియన్ ఆఫ్ ఆనర్ ఉన్నత పతకాన్ని ఆయన తిప్పి పంపేశాడు. అల్జీర్స్ చిత్రహింసలను 2001లో పుస్తకం రాసి మరీ సమర్థించుకున్న జనరల్ ఓసారెస్ నుంచి అదే గౌరవాన్ని 2005లో రాజ్యం తీసేసుకుంది. అప్పటికి బొలార్దియేర్ పోయి పంతొమ్మిదేళ్లు.