పొగగొట్టము చెప్పు లెక్క



నిప్పు లేనిదే పొగ రాదనునది తెలుగునాట ఎల్లరు నెరిగిన సామెత. పొగ కనబడిన చోట నిప్పున్నదని తెలిసికొనుటకు ఆ సామెత చాలును. కాని ఆ నిప్పు తన పని సరిగా చేయుచున్నదా, లేక పెట్టిన ఇంధనములో కొంత భాగమును గాలి పాలు చేయుచున్నదా అను ప్రశ్నకు ఆ సామెత సమాధానము చెప్పదు. ఆ సమాధానము పొగయందే దాగియున్నది. దానిని చదివి చెప్పు యంత్రములను గూర్చినదే ఈ ప్రసంగము. విషయమును కొల్లేటి చాంతాడు వలె సాగదీయక, వంటయింటి పొయ్యి కడ మొదలుపెట్టి బాయిలరు కడకు పోవుట మంచిది.

పొయ్యి ముందు కూర్చున్న ఇల్లాలికి ఈ శాస్త్రములో సగము తెలియును. గాలి చాలనప్పుడు కట్టె రాజును గాని మండదు. ఇల్లంతయు పొగ కమ్మును, గిన్నె అడుగు మసిబారును. అప్పుడామె ఊదుగొట్టముతో ఊదును, మంట లేచును. అట్లని వాకిట నుండి ఈదురుగాలి కొట్టినచో మంట గిన్నెను వదలి ప్రక్కలకు పోవును. కట్టెలు గబగబ కాలిపోవును గాని ఎసరు మరుగదు. గాలి తక్కువైనను నష్టమే, ఎక్కువైనను నష్టమే. వరి మడికి నీటి వలెనే కొలిమికి గాలి. నీరు చాలనిచో పైరు ఎండును. మితిమీరినచో వేసిన ఎరువు కూడ నీటితో కొట్టుకొనిపోయి బోదెలో కలియును. అందుచేతనే రైతు గట్టున నిలిచి నీటిమట్టమును చూచుకొనుచుండును. కొలిమిలోని గాలికి గట్టు లేదు, కంటికి కనబడదు. కష్టమంతయు అక్కడనే యున్నది.

ఏలూరు నుండి తాడేపల్లిగూడెము వరకు రైలులో పోవువారికి వరిచేల నడుమ బియ్యపు మిల్లుల పొగగొట్టములు కనబడును. ఉప్పుడు బియ్యము చేయు మిల్లులలో వడ్లు నానుటకును, ఉడుకుటకును, ఆరుటకును ఆవిరి కావలయును. తవుడు నుండి నూనె తీయు కర్మాగారములకును ఆవిరియే ఆధారము. తణుకులో 1947వ సంవత్సరమున ఏర్పడిన ఆంధ్రా షుగర్స్ వంటి చక్కెర పరిశ్రమలకు చెరకు పిప్పి ఇంధనమైనట్లు, బియ్యపు మిల్లులకు ఊక ఇంధనము. ఇవి పొలములో పండిన ఇంధనములు.

భూగర్భము నుండి త్రవ్వి తీసిన బొగ్గును కాల్చు మహా బాయిలర్లు చూడవలెనన్నచో పడమరగా కృష్ణాతీరమునకు పోవలెను. విజయవాడ చెంత ఇబ్రహీంపట్నమున 1979లో తొలి యూనిట్ పనిచేయ నారంభించిన థర్మల్ విద్యుత్ కేంద్రము కలదు. నేడది నార్ల తాతారావు గారి పేరు ధరించియున్నది. 1871లో విలియం కింగ్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు ఇల్లెందు ప్రాంతమున కనుగొన్న బొగ్గు నిక్షేపములే సింగరేణి గనులకు మూలము. ఇట్టి బొగ్గును పిండి వలె నూరి, గాలితో కలిపి కొలిమిలోనికి చిమ్మి మండించుట ఈ కేంద్రముల పద్ధతి. కొల్లేటి లంకల గుడిసెలో వెలుగు దీపము వెనుక ఇట్టి కొలిమి మంట ఎంతో కొంత యుండును.

ఇక గాలి లెక్క. బొగ్గులో మండునది ప్రధానముగా కర్బనము. ఒక కిలో కర్బనము పూర్తిగా మండుటకు సుమారు పదకొండున్నర కిలోల గాలి కావలయును. అట్లు మండినప్పుడు బొగ్గుపులుసు గాలి పుట్టి, సుమారు 8,000 కిలోకెలోరీల వేడి వచ్చును. గాలి చాలక సగములో ఆగినచో కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు పుట్టును. అప్పుడు వచ్చు వేడి సుమారు 2,400 కిలోకెలోరీలు మాత్రమే. అనగా రూపాయి ఇచ్చి ముప్పది పైసల సరకు తెచ్చుకొన్నట్లు. ఆ వాయువునకు రంగు లేదు, వాసన లేదు. మనిషి పీల్చినచో ప్రాణము తీయును. కొలిమిలో పోగుపడి తరువాత ఒక్కసారిగా అంటుకొన్నచో ప్రేలుడు సంభవించును.

గాలి ఎక్కువైనప్పటి నష్టము వేరు విధమైనది. గాలిలో నూటికి 21 పాళ్లు ఆమ్లజని, తక్కినదంతయు ఇంచుమించు నత్రజని. నత్రజని మండదు, మంటకు తోడ్పడదు. ఊరక కొలిమిలోనికి చల్లగా వచ్చి, వేడెక్కి, ఆ వేడిని తీసికొని పొగగొట్టము మీదుగా ఆకాశమునకు పోవును. పిలువని చుట్టము వచ్చి భోంచేసి పోయినట్లే. విచిత్రమేమనగా అట్టి పొగగొట్టము మీద పొగయే కనబడకపోవచ్చును. మిల్లు చక్కగా నడచుచున్నదని చూచువారు మెచ్చుకొందురు. నష్టము మాత్రము నల్లని పొగ నాటి నష్టము కంటె తక్కువ కాకపోవచ్చును.

దీనికి ఇంజనీర్లు వాడు స్థూలమైన సూత్రమొకటి కలదు. పొగ వేడికిని బయటి గాలి వేడికిని గల భేదమును 0.65 చేత గుణించి, పొగలో నూటికెన్ని పాళ్లు బొగ్గుపులుసు గాలి యున్నదో ఆ సంఖ్యచేత భాగింపవలెను. వచ్చినది నూటికెన్ని పాళ్ల వేడి పొగతో పోవుచున్నదో చెప్పును. బొగ్గు బాయిలరొకదానిలో ఆ భేదము 200 డిగ్రీలనుకొందురు గాక. బొగ్గుపులుసు గాలి 7 పాళ్లే యున్నచో నష్టము పద్దెనిమిదిన్నర పాళ్లు. గాలిని సరిచేసి దానిని 13 పాళ్లకు తెచ్చినచో నష్టము 10 పాళ్లు. నూరు బస్తాల బొగ్గులో ఎనిమిది బస్తాలకు పైగా మిగిలినట్లు. క్రొత్త బాయిలరు కొనలేదు, మేలైన బొగ్గు తేలేదు. గాలిని కొలిచిరి, అంతియే.

పూర్వము ఈ కొలత ఫైర్‌మన్ కంటిలోనే యుండెడిది. మంట రంగును, పొగ నలుపును చూచి అతడు డ్యాంపరును త్రిప్పెడివాడు. అనుభవజ్ఞుని కన్ను గొప్పదే. కాని అది రాత్రి చీకటిలో పొగను చూడలేదు, మిగులు గాలిని పగలును చూడలేదు. 1870 దశకమున ఫ్రాన్సు దేశమున ఓర్సా అను నతడు గాజు గొట్టముల పరికరము నొకదానిని ప్రచారమునకు తెచ్చెను. పొగను కొంచెము పట్టి వరుసగా మూడు ద్రావకముల గుండ పంపుదురు. మొదటిది బొగ్గుపులుసు గాలిని, రెండవది ఆమ్లజనిని, మూడవది కార్బన్ మోనాక్సైడును పీల్చుకొనును. ప్రతిసారియు ఎంత తగ్గినదో గాజు గొట్టము మీది గీతలు చెప్పును. ఓర్సాట్ పరికరమను పేర దీనితో ఇంజనీరింగు విద్యార్థులు తరతరములుగా చేతులు కాల్చుకొని నేర్చుకొనిరి. లోపమేమనగా, ఒక్క పరీక్ష ముగియుటకు కొన్ని నిమిషములు పట్టును. ఈ లోపల కొలిమి మారిపోవును. నిన్నటి నీటిమట్టము చూచి నేడు తూము తెరచినట్లగును.

కనుకనే తనంతట తాను, క్షణక్షణము కొలుచు యంత్రము కావలసి వచ్చెను. పందొమ్మిదవ శతాబ్దము ముగియునాటికే యూరపులో బొగ్గుపులుసు గాలిని కొలిచి కాగితము మీద గీత గీయు యంత్రములు వచ్చినవి. తరువాత ఆమ్లజని మీద దృష్టి మరలినది. ఆమ్లజనిని అయస్కాంతము ఆకర్షించునను గుణము నాధారముగా చేసికొని అమెరికా శాస్త్రజ్ఞుడు లైనస్ పౌలింగ్ 1940లో ఒక కొలత పరికరమును నిర్మించెను. నేడు బాయిలర్లలో ఎక్కువగా వాడుకలో నున్నది జిర్కోనియా అను పింగాణి వంటి పదార్థముతో చేసిన గొట్టము. జర్మనీ శాస్త్రజ్ఞుడు వాల్టర్ నెర్న్‌స్ట్ పరిశోధనలు దీనికి పునాది. ఆ గొట్టమును సుమారు 700 డిగ్రీలకు వేడిచేసినచో అది ఆమ్లజని కణములను తన గుండ పోనిచ్చును. ఒక ప్రక్క బయటి గాలి, రెండవ ప్రక్క పొగ. రెండు ప్రక్కల ఆమ్లజనిలో ఎంత తేడా యున్నదో దానికి తగిన విద్యుత్తు పుట్టును. ఆ విద్యుత్తును కొలిచినచో పొగలోని ఆమ్లజని పాళ్లు తెలియును. గొట్టమును పొగదారిలోనే అమర్చుటచే కొన్ని క్షణములలో లెక్క చేతికి వచ్చును.

ఆ లెక్కను చదువుట తేలిక. కొలిచిన ఆమ్లజని పాళ్లను, 21లో నుండి ఆ పాళ్లు తీసివేయగా మిగిలిన దానితో భాగించినచో మిగులు గాలి ఎంతయో స్థూలముగా తెలియును. ఆమ్లజని పదిన్నర పాళ్లున్నచో కావలసిన దానికి సరిగా రెట్టింపు గాలి పోవుచున్నదని అర్థము. మూడున్నర పాళ్లున్నచో మిగులు గాలి నూటికి ఇరువది. నూరిన బొగ్గును మండించు కేంద్రములలో ఇంచుమించు ఈ స్థితినే కోరుదురు. సీకుల మీద గడ్డబొగ్గును గాని ఊకను గాని కాల్చు చిన్న బాయిలర్లకు ఇంతకంటె ఎక్కువ గాలి తప్పదు. యంత్రము చెప్పిన అంకెను బట్టి డ్యాంపరును గాని ఫ్యాను వేగమును గాని సరిదిద్దు మరియొక యంత్రమును జోడించినచో కొలతయు దిద్దుబాటును తమంతట తామే జరుగును. తోడుగా పరారుణ కిరణములతో కార్బన్ మోనాక్సైడును కొలుచు పరికరము నుంచినచో గాలి మరీ తగ్గినప్పుడు అది హెచ్చరించును. పొగ వేడిని కొలుచు ఉష్ణమాపకము మూడవది. పొగ వేడి సుమారు 20 డిగ్రీలు పెరిగినచో బాయిలరు సామర్థ్యము ఒక పాలు తగ్గినదని గుర్తు. గొట్టముల మీద మసి పేరుకొన్నదని దానిచే తెలియును.

ఇంతవరకు యంత్రము గొప్ప. ఇక దాని బలహీనత. పొగదారి ఇటుక గోడలో పగులున్నదనుకొందురు గాక. బయటి గాలి ఆ పగులు గుండ చొరబడి, కొలిమి దాటిన తరువాత పొగలో కలియును. యంత్రము దానిని కూడ కొలిచి, ఆమ్లజని ఎక్కువగా నున్నదని చెప్పును. దానిని నమ్మి కొలిమి గాలిని తగ్గించుదురు. నిజమునకు కొలిమిలో గాలి అప్పటికే చాలకుండెను. బొగ్గు సగము మండి విషవాయువు పుట్టును, మసి పేరుకొనును. తెర మీది అంకె మాత్రము చక్కగా నుండును. అబద్ధమాడు తక్కెడ కంటె తక్కెడయే లేకుండుట మేలనిపించు సమయమిది. కనుక కొలుచు గొట్టమును కొలిమికి వీలైనంత దగ్గరగా అమర్చవలెను. పగుళ్లను పూడ్చవలెను. పాళ్లు తెలిసిన వాయువుతో యంత్రమును అప్పుడప్పుడు సరిచూడవలెను. బజారులోని తూకపురాళ్లకు ముద్ర ఎంత అవసరమో దీనికిని అంతే అవసరము.

యంత్రము చూడలేనిది మరియొకటి కలదు. బూడిదలో మిగిలిపోయిన మండని కర్బనమును పొగ పరీక్ష చెప్పదు. ఊక కాలిన బూడిద నల్లగా నున్నచో అందులో ఇంధనము మిగిలియున్నదని అర్థము. తెల్లబడిన కొలది బాగుగా కాలినదని గుర్తు. ఈ పరీక్షకు యంత్రము కన్న బూడిదను చేతిలోకి తీసికొని చూచు మనిషియే ముఖ్యము. యంత్రము వచ్చినచో బాయిలరు పనివాని కొలువు పోవునను భయము కొందరికి కలదు. సరిగా చూచినచో అతని చేయి తేలికపడును గాని అతని కన్నునకు పని పెరుగును. అంకె చెప్పినదానికిని కొలిమి చూపినదానికిని పొత్తు కుదరనప్పుడు ఏది నిజమో తేల్చవలసినవాడు అతడే.

ఈ లెక్కలు గ్రామస్థులకేల యని అడుగవచ్చును. 210 మెగావాట్ల యూనిట్ ఒకటి రాత్రింబవళ్లు నిండుగా నడచినచో దినమునకు 50 లక్షల యూనిట్ల విద్యుత్తు పుట్టును. యూనిట్‌కు 700 గ్రాముల బొగ్గు చొప్పున లెక్కించినను దినమునకు 3,500 టన్నులు. అందులో నూటికి ఒక పాలు మిగిలినను 35 టన్నులు. అంత బొగ్గు రైలెక్కదు, అంత బూడిద గుట్టపడదు. ప్రతి కిలో కర్బనము మండి మూడు కిలోలకు పైగా బొగ్గుపులుసు గాలి యగును గనుక ఆ మేరకు ఆకాశమునకు భారము తగ్గును. చిన్న మిల్లులోను లెక్క ఇదియే. ఆదా చేసిన ఊకను అమ్ముకొనవచ్చును. బాగుగా కాలిన కొలిమి నుండి ఎగిరి ఆరవేసిన బట్టల మీద, కంటిలో, చేపల చెరువులో పడు నల్లని నుసియు తగ్గును.

చట్టములును ఈ దిక్కునకు మరలినవి. 1923 నాటి బాయిలర్ల చట్టమును, దాని స్థానమున 2025లో వచ్చిన చట్టమును ప్రధానముగా ప్రేలుడుల నుండి ప్రాణరక్షణ కొరకు ఏర్పడినవి. 2001లో ఇంధన పొదుపు చట్టము వచ్చినది. 2014లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి థర్మల్ కేంద్రములు, చక్కెర మిల్లులు మొదలుగా గల పదునేడు తరగతుల పరిశ్రమలు విడుదల చేయు కల్మషములను నిరంతరము కొలుచు పరికరములు అమర్చవలెనని ఆదేశించినది. బయటికి పోవు కల్మషమును కొలుచుట వేరు, కొలిమి సామర్థ్యమును కొలుచుట వేరు. మొదటిది ప్రభుత్వమునకు చూపవలసిన లెక్క, రెండవది యజమాని తనకు తాను చెప్పుకొనవలసిన లెక్క. ఒకటి దిద్దుకొన్నచో రెండవదానికిని మేలు కలుగును.

మైలవరము కొండలలో పుట్టిన బుడమేరును, ఏలూరును ఒరసి ప్రవహించు తమ్మిలేరును తమతో వచ్చినదెల్ల కొల్లేటికి చేర్చును. అందుండి ఉప్పుటేరు సముద్రమునకు దారి. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యము గల రాంసర్ చిత్తడినేలగా గుర్తింపు పొందిన ఈ సరస్సు, పైన ఎవరు ఏమి వదలినను తాను భరించునట్టి పల్లపు నేల. ఆకాశమును అట్టి పల్లమే. పొగగొట్టము ఎంత ఎత్తుగా కట్టినను పోయిన పొగ ఎక్కడికో పోదు, ఎవరో ఒకరి మీదనే దిగును.

2015లో తాడేపల్లిగూడెమున జాతీయ సాంకేతిక విద్యాసంస్థ నెలకొన్నది. ఈ గ్రంథాలయపు బల్లల మీద చదువుకొనిన బాలబాలికలు అట్టి సంస్థలలో ఈ యంత్రముల లోతులు నేర్తురు. అంతదాక ఆగనక్కరలేదు. మిల్లు ప్రక్కగా పోవునప్పుడు పొగ రంగును, బూడిద రంగును చూచి ప్రశ్నింపగల పాఠకుడు ఊరిలో నొక్కడున్నను చాలును. ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము పుస్తకము చదువుట నేర్పినది. చుట్టునున్న పొగను, నీటిని, బూడిదను సయితము చదువ నేర్చినవారికి ఆ చదువు సార్థకమగును.