నిలవని నాదం: బాంజో ఉకులేలే కథ



ఈ ఉపన్యాసాల్లో వీణకూ వయొలిన్‌కూ ఎప్పుడూ పెద్దపీటే. ఈసారి విద్వాంసులు నవ్వి పక్కన పెట్టే ఒక చిన్న వాద్యాన్ని మీ ముందుకు తెచ్చాను. దాని పేరు బాంజో ఉకులేలే. మన భజన బృందాల్లో మీటలు నొక్కి వాయించే బెంజో ఇది కాదు. ఆ బెంజో అసలు పేరు బుల్‌బుల్ తరంగ్, దాని పుట్టిల్లు జపాన్.

ఈ వాద్యానికి తల్లీ తండ్రీ ఇద్దరూ ఓడ దిగి వచ్చినవాళ్ళే. పశ్చిమ ఆఫ్రికాలో ఆనపబుర్రకు తోలు బిగించి వాయించే వాద్యాలున్నాయి. సెనెగాంబియా ప్రాంతపు జోలా ప్రజల అకోంటింగ్ ఇప్పటికీ వాడుకలో ఉంది. బానిసలుగా పట్టుకుపోయిన మనుషులు ఆ జ్ఞాపకంతో కరీబియన్ దీవుల్లో, అమెరికాలో బాంజోను తయారుచేసుకున్నారు. 1840లలో తెల్లవాళ్ళు ముఖానికి మసి పూసుకుని, ఆ నల్లవాళ్ళనే వెక్కిరించే ఆటల్లో ఆ బాంజోనే వాయించి డబ్బు చేసుకున్నారు. బాంజో చరిత్ర చెప్పేవాళ్ళు ఈ సంగతి దాటేస్తే అది చరిత్ర కాదు.

రెండో ఓడ రావెన్స్‌క్రాగ్. 1879 ఆగస్టులో అది పోర్చుగీసు మదీరా దీవి నుంచి చెరకు తోటల కూలీలను హోనోలులులో దింపింది. అదే చెరకు కోసం మారిషస్‌కు ఓడెక్కిన మన తెలుగువాళ్ళు గుర్తుకు రావడం సహజం. ఆ ఓడలో వచ్చినవాళ్ళలో మాన్యుయల్ నూనెస్, అగుస్తో డియాస్, జోసే దో ఎస్పీరితో సాంతో అనే ముగ్గురు వడ్రంగులున్నారు. తమ ఊరి బుల్లి గిటారు పోలికతో, హవాయి కోవా కర్రతో వాళ్ళు చేసిందే ఉకులేలే. రాజు కలాకౌవా దాన్ని ఆదరించాడు. 1915 శాన్‌ఫ్రాన్సిస్కో ప్రదర్శనతో అమెరికాకంతా దాని పిచ్చి పట్టింది.

అయితే ఆనాటి వేదికల మీద మైకులు లేవు. కర్ర ఉకులేలే గొంతు వెనక వరుసదాకా వెళ్ళదు. దాని మెడనూ నాలుగు తీగలనూ తెచ్చి బాంజో తోలుకు తగిలిస్తే ఆ ఇబ్బంది తీరుతుంది. హవాయిలో పుట్టిన ఆల్విన్ కీచ్ 1917 ప్రాంతంలో అలా చేసి, బాంజులేలే అని పేరు పెట్టాడు. కాలిఫోర్నియాకు చెందిన జాన్ బోలాండర్ కూడా నాదే ముందంటాడు. ఆ తగువు మనకెందుకు?

మనకు కావలసింది తోలు చేసే పని. తీగ కంపనాన్ని కర్ర పలక నెమ్మదిగా తీసుకుంటుంది. పల్చటి తోలు ఒక్కసారిగా లాక్కుని గాలిలోకి విసిరేస్తుంది. అందుకే ధ్వని పెద్దది, ఆయుష్షు తక్కువ. తోలుంటే నాదం నిలవదని కూడా అనుకోకండి. సరోద్‌కూ తోలే ఉంది. కానీ దానికి లోహపు తీగలు, తరప్ తీగలు, బరువైన దేహం ఉన్నాయి. ఇక్కడ ఉన్నవల్లా జానెడు తోలు, ఆనాడైతే నరాల తీగలు, నేడైతే నైలాన్. మీటిన స్వరం అక్కడే చచ్చిపోతుంది. గమకం పట్టే వ్యవధి ఉండదు.

పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ మాండొలిన్ మీద కర్ణాటక సంగీతం పలికించాడంటే, అందులో విద్యుత్తు నిలబెట్టిన నాదానికీ వాటా ఉంది. బాంజో ఉకులేలే ఆ దారిన వెళ్ళలేదు. నిలవని స్వరాన్ని నిలబెట్టాలని చూడకుండా, ఖాళీలన్నీ కుడిచేతి లయతో నింపింది. ఈ వాద్యపు విద్యంతా ఆ కుడిచేతిలోనే ఉందని నేనంటాను.

దీనికి శ్రుతి జీ, సీ, ఈ, ఏ. చిత్రమేమిటంటే వాయించేవాడి బొటనవేలి వైపున్న జీ తీగ మంద్రం కాదు, హెచ్చు స్వరం. ఐదు తీగల బాంజోలోనూ బొటనవేలి వైపున్న పొట్టి తీగ హెచ్చుదే. అంటే మన వాద్యానికి రెండు అంచుల్లోనూ హెచ్చు తీగలే, వాటి మధ్య ఒక్క స్వరం తేడా. ఇంగ్లండ్‌లో లాంకషైర్ నటుడు జార్జ్ ఫార్మ్‌బీ దీన్నే పట్టుకున్నాడు. చేతిని నాలుగు తీగల మీదా కిందికి లాగి, పైకొస్తూ ఒక అంచు తీగను, మళ్ళీ దిగుతూ రెండో అంచు తీగను మీటేవాడు. దాని పేరు స్ప్లిట్ స్ట్రోక్. ఎనిమిది అక్షరాలను తకిట తకిట తక అని విరిచి చూడండి, ఆ నడక మీకే అందుతుంది. తీగ తీగకూ స్వరం దిగిపోయే గిటారు మీద ఈ మెరుపు రాదు. జంట తీగల మాండొలిన్ బాంజోకు బిగుతెక్కువ, దానికి పిక్ కావాలి. ఇక్కడ గోరే చాలు.

ఫార్మ్‌బీకి స్వరలిపి చదవడం రాదు. పాట శ్రుతి మారితే వేళ్ళు మార్చే బదులు, వేరే శ్రుతిలో ఉన్న మరో వాద్యం అందుకునేవాడు. 1936లో కిటికీలు తుడిచేవాడి మీద ఆయన పాడిన కొంటె పాట బీబీసీ పెద్దలకు మింగుడుపడలేదు. జనానికి మాత్రం బాగా నచ్చింది. 1934లో హాస్య రచయిత వుడ్‌హౌస్ రాసిన నవలలోనైతే యజమాని బాంజులేలే మోత భరించలేక జీవ్స్ అనే నౌకరు ఉద్యోగమే మానేస్తాడు.

మైకు వచ్చాక ఆ మోతతో పని తీరింది. వాద్యబృందాల్లో ఆ చోటు గిటారుది అయింది. 1961లో ఫార్మ్‌బీ పోయాడు. అదే ఏడు ఆయన అభిమానులు ఒక సంఘం పెట్టుకున్నారు. బీటిల్స్ జార్జ్ హారిసన్ కూడా వాళ్ళ సమావేశానికి వెళ్ళి వాయించాడు.

ఇప్పుడు కొనేవాళ్ళకు ఒకటి రెండు మాటలు. దీని బ్రిడ్జి అతికించి ఉండదు, తీగల బరువుకే నిలుస్తుంది. మెడ పై కొస నుంచి పన్నెండో మెట్టుకు ఎంత దూరమో, అక్కడి నుంచి బ్రిడ్జికీ అంతే ఉండేలా జరపాలి. లేకపోతే పై మెట్లలో అపశ్రుతే. మన కోస్తా ఉక్కపోతకు అసలు తోలు సడలుతుంది కాబట్టి ప్లాస్టిక్ తోలు మేలు. మోత ఎక్కువైందని వెనక గుడ్డ కుక్కేవాళ్ళూ ఉన్నారు. అంతగా నోరు నొక్కాలనుకుంటే ఆ డబ్బుతో మామూలు ఉకులేలే కొనుక్కోవచ్చు కదా!