ఉగ్రాణం లెక్క, పొయ్యి లెక్క

నలుగురికి సరిపడా రాసిన వంటను నలభైమందికి చేయాలంటే అన్నిటినీ పదితో హెచ్చవేస్తే చాలునని చాలామంది నమ్మకం. ఈ హెచ్చవేత మన దేశంలో చాలా పాతది. అయితే అది ఎదిగింది అంగడిలో, ఉగ్రాణంలో. పొయ్యి దగ్గర కాదు. సరుకు కోసం పుట్టిన లెక్కను నీళ్లకూ నిప్పుకూ కూడా వర్తింపజేయడం వల్లే పెద్ద వంట దారి తప్పుతుందని నా వాదన.

క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలోనే త్రైరాశికం ఉంది. ఇంతకు ఇంతైతే అంతకు ఎంత అన్నదే ఆ సూత్రం. మహావీరాచార్యుడి గణితసార సంగ్రహాన్ని పావులూరి మల్లన పద్యాల్లో చెప్పడంతో ఈ గణితం తెలుగులోకీ వచ్చింది. 1150 నాటి భాస్కరాచార్యుడి లీలావతిలో మన విషయానికి బాగా దగ్గరైన లెక్క ఒకటి కనిపిస్తుంది. ద్రమ్మం, కాకిణి అందులోని డబ్బు, మానం కొలత. ఒక ద్రమ్మానికి బియ్యమైతే మూడున్నర మానాలు, పెసలైతే ఎనిమిది మానాలు వస్తాయి. తొందరగా తిని బయలుదేరాల్సిన బాటసారి దగ్గర ఉన్నవి 13 కాకిణులు. ద్రమ్మానికి 64 కాకిణులు. రెండు పాళ్లు బియ్యం, ఒక పాలు పెసలు కావాలంటాడు. లెక్క కడితే బియ్యం మానంలో పన్నెండింట ఏడు వంతులు, పెసలు అందులో సగం వస్తాయి. అచ్చంగా పులగం పాళ్లు! కానీ ఎసరు ఎంత పెట్టాలో ఆ లెక్కలో లేదు. ఉండాల్సిన అవసరమూ లేదు, ఎందుకంటే అది వర్తకుడికి వేసిన ప్రశ్న.

మన పాత కొలపాత్రల్లోనూ ఈ హెచ్చవేత ఇమిడి ఉంది. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. చుట్టాలు వచ్చి తినేవాళ్లు రెట్టింపైతే సోల బదులు తవ్వ అందుకుంటే సరిపోయేది. కాగితం మీద లెక్క కట్టే పనిలేదు. 1956 చట్టంతో కిలోలూ లీటర్లూ వచ్చాక ఆ సౌకర్యం వంటింటికి దూరమైంది.

పెద్ద వంటకు తిరుమల లడ్డు దిట్టాన్ని, అంటే సరుకుల కొలతల పట్టికను, మించిన సాక్ష్యం దొరకదు. దేవస్థానం 1950లో నిర్ణయించి, తర్వాత సవరించిన ఆ దిట్టం ప్రకారం 5,100 లడ్డూలకు శనగపిండి 180 కిలోలు, చక్కెర 400, ఆవు నెయ్యి 165, జీడిపప్పు 30, ఎండుద్రాక్ష 16, కలకండ 8, యాలకులు 4 కిలోలు. మొత్తం 803 కిలోలు. లడ్డూలు ఎక్కువ కావాలంటే ఇంకో దిట్టం సరుకు తీస్తారు. అంతేగానీ ఊరంత బాణలి ఒకటి చేయించి బూందీ అంతా ఒకేసారి దూయరు. సరుకు పెరిగితే పొయ్యిల సంఖ్య పెరుగుతుంది. ఒక్కో పొయ్యి మీద పని మాత్రం చేయి తిరిగిన కొలతలోనే సాగుతుంది. పాకానికి నీళ్లెన్నో ఆ ఏడు వస్తువుల పట్టికలో లేదు.

నీళ్లకు ఖరీదు లేదు కాబట్టి పట్టికలో రాయలేదు, ఇందులో వంట రహస్యమేముందని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అవి ప్రధానంగా ఖర్చు కోసం రాసిన లెక్కలని నేనూ ఒప్పుకుంటాను. నా వాదనకు బలం కూడా అక్కడే ఉంది. ఖర్చు లెక్కలో చోటులేని నీళ్లను అదే సూత్రంతో పెంచాలని ఆ లెక్క ఎప్పుడూ చెప్పలేదు. చెప్పింది మనమే. గిన్నె పొడవు, వెడల్పు, లోతు రెట్టింపైతే లోపల పట్టేది ఎనిమిది రెట్లు, ఆవిరి పోయే మూతి మాత్రం నాలుగు రెట్లే. ఒక గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్లు పోస్తే గింజ ఒకటిన్నర పీల్చుకుని, అర గ్లాసు ఆవిరైందని అనుకుందాం. పది గ్లాసుల బియ్యం పదిహేను గ్లాసులు పీలుస్తాయి. ఆవిరి మాత్రం ఐదు గ్లాసులు పోదు. ఇరవై పోస్తే అన్నం మెత్తబడి ముద్దవుతుంది. వార్చకుండా నీళ్లు ఇగిరేలా వండే అత్తెసరుకు వచ్చే ఈ చిక్కు గంజి వార్చే పద్ధతిలో లేదు, ఎక్కువైన నీళ్లు ఎలాగూ బయటికి పోతాయి కనుక. పెళ్లి వంటల్లో వార్పు చాలాకాలం నిలవడానికి ఇదొక కారణమని నా నమ్మకం.

నిప్పు తగలని ఆవకాయను చూస్తే ఈ సంగతి మరింత తేటపడుతుంది. ముక్కలు, ఆవపిండి, కారం, ఉప్పు, నూనె ఒకే గిన్నెతో కొలిచి ఇరవై రెట్లు కలిపినా పాళ్లు చెడవు. కూరలో ఉప్పు కూడా అంతే. చివరికి మిగిలే కూరను బట్టి సరిగ్గా పెరగాలి. పోపు నూనె అలా కాదు, మూకుడు అడుగు తడవాలి, గింజలు చిటపటలాడాలి, అంతవరకే.

చేయి తిరిగినవాళ్లకు కంటి కొలత చాలదా అంటే, వాళ్లకు చాలు. వంటవాళ్లు మారుతూ ఉండే చోట చాలదు. బడి మధ్యాహ్న భోజనంలో ఐదో తరగతి వరకు పిల్లవాడికి బియ్యం 100 గ్రాములు, పప్పు 20, కూరగాయలు 50, నూనె 5 గ్రాములు; ఆరు నుంచి ఎనిమిది వరకు 150, 30, 75, ఏడున్నర. ప్రతిదీ సరిగ్గా ఒకటిన్నర రెట్లు. పిల్లల పళ్లెంలోకి అంత తిండి చేరాలంటే ఈ త్రైరాశికం వదలకూడదు, నేను దాని పక్షమే. కానీ నీళ్ల సంగతి అది చెప్పదు. అందుకే వంట రాసేవారు సరుకుల పక్కనే గిన్నె మూతి ఎంత వెడల్పో, మూత పెట్టారో లేదో, ఎంతసేపు ఉడికిందో కూడా రాయాలని కోరుతున్నాను. అప్పుడు నలభైమందికి వండేవారు బియ్యాన్ని పది రెట్లు చేసి, నీళ్లు కొంత తగ్గించి మొదలుపెట్టి, మెతుకు పట్టిచూసి మిగతావి మరగబెట్టి పోసుకోగలుగుతారు.