కన్నాట్ ప్లేసులో కనుమరుగైన కాఫీ బల్లలు

 

న్యూఢిల్లీలో కన్నాట్ ప్లేసు వెలుపలి వలయమున 'మద్రాస్ హోటల్' అను పేరుగల బస్సు స్టాపు ఒకటి కలదు. ఆ పేరు విని బస్సు దిగిన క్రొత్తవానికి అచట హోటలు కానరాదు. అనేక దశాబ్దములు దాక్షిణాత్యులకు ఇడ్లీ, దోసె, సాంబారు వడ్డించిన ఆ హోటలు ఈ శతాబ్దపు తొలి దశకములో మూతపడినది. హోటలు పోయినను పేరు మిగిలినది. ఇట్లు పేరు మాత్రము మిగిల్చి పోయిన చోట్లను గూర్చియు, వానితోబాటు పోయిన ఒక సౌకర్యమును గూర్చియు విచారించుటయే ఈ ప్రసంగమునకు విషయము.

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడువరకు కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రములోనివే. కనుక ఢిల్లీవాసుల దృష్టిలో తెలుగువాడును మద్రాసీయే. రాష్ట్రము వేరైనను ఆ పిలుపు తొందరగా మారలేదు. సచివాలయములో ఆ మాటకు నొచ్చుకొనిన గుమాస్తాయే సాయంకాలము మద్రాస్ హోటలు మెట్లు సంతోషముతో ఎక్కెడివాడు. అచట తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ భాషలు ఒకే బల్లపై కలసికొనెడివి. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశము ఏర్పడిన పిమ్మట, ఇరానీ చాయకు అలవాటుపడిన హైదరాబాదువాడును కాఫీ లేనిదే తెల్లవారని బెజవాడవాడును ఒకే రాష్ట్రమువారైరి. రాష్ట్రము చట్టమువలన ఏర్పడినది; పరిచయము మాత్రము ఇట్టి బల్లలయొద్దనే ఏర్పడవలసి యుండెను.

తెలుగునాట ఇంటి ముందర అరుగు ఉండెను. ఊరి నడుమ రచ్చబండ ఉండెను. అరుగుపై కూర్చుండుటకు ఎవరును పిలువనక్కరలేదు; లేచిపోవుటకు సెలవు తీసికొననక్కరలేదు. ఉద్యోగార్థము ఢిల్లీ చేరి, నలుగురితో ఒకే గదిలో సర్దుకొను బ్రహ్మచారికి అట్టి అరుగు ఏది? ఇంటికి అతిథిని పిలుచుటకు చోటు లేదు. క్లబ్బునకు పోవుటకు జీతము చాలదు. అతనికి కాఫీ హోటలు బల్లయే అరుగైనది. ఆంగ్లేయుల పేటలలో పబ్బు చేసిన పనిని ఇచట కాఫీ చేసినది.

ఆ బల్లలలో ప్రసిద్ధమైనది కాఫీ హౌసు. దాని చరిత్ర ప్రభుత్వోద్యోగులకు ఆసక్తి గొల్పునదే. కాఫీ ధరలు పడిపోయిన కాలమున, స్వదేశములోనే కాఫీ వాడుకను పెంచు ఉద్దేశముతో 1935లో కాఫీ సెస్సు చట్టము వచ్చినది. 1936లో బొంబాయి చర్చిగేటులో ఇండియా కాఫీ హౌసు తెరవబడినది. తరువాత కాఫీ బోర్డు ఆధ్వర్యమున ఇతర నగరములకును వ్యాపించినది. 1950ల మధ్యకాలమున బోర్డు ఈ కాఫీ హౌసులను మూసివేయ నిశ్చయింపగా, వడ్డించువారు, వంటవారు వీధిన పడు స్థితి వచ్చెను. కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె. గోపాలన్ ప్రోత్సాహమున ఆ కార్మికులే సహకార సంఘములుగా ఏర్పడిరి. మొదటి సంఘము 1957 ఆగస్టు 19న బెంగుళూరులో ఏర్పడగా, సహకార రంగములో మొదటి ఇండియన్ కాఫీ హౌసు 1957 అక్టోబరు 27న న్యూఢిల్లీలోనే తెరవబడినది. తలపాగా చుట్టి, తెల్లని దుస్తులు ధరించి, కప్పు తెచ్చి ముందుంచిన మనుష్యుడు కూలివాడు కాడు. ఆ సంస్థలో భాగస్వామి.

ఒక కప్పు వెలకు రెండు గంటలు కూర్చుండవచ్చును. ఒక బల్లయొద్ద రామమనోహర్ లోహియా రాజకీయములు చర్చించుచుండగా, మరియొక బల్లయొద్ద విష్ణు ప్రభాకర్ వంటి హిందీ రచయితలు సాహిత్య ప్రసంగములు చేయుచుండిరి. వారికి సమీపముననే కార్యాలయము వదలిన చిన్న ఉద్యోగి బదిలీల మాట, బిడ్డల చదువు మాట, ఊరినుండి వచ్చిన ఉత్తరము మాట చెప్పుకొనుచుండెను. అధికారి, అనధికారి భేదము బల్లకు తెలియదు.

ఇట్టి చోట్లను చూచి పాలకులు శంకించుట క్రొత్త కాదు. 1675 డిసెంబరులో ఇంగ్లండు రాజు రెండవ చార్లెస్ కాఫీశాలలను మూసివేయ ప్రకటన చేసెను. ప్రజలు గగ్గోలు పెట్టగా కొలది దినములలోనే, 1676 జనవరిలో, దానిని ఉపసంహరించుకొనెను. సరిగా మూడువందల యేండ్లకు, అత్యవసర పరిస్థితి అమలులో నున్న 1976లో, కన్నాట్ ప్లేసు కాఫీ హౌసు కూల్చివేయబడినది. ఈ పర్యాయము ఉపసంహరణ జరుగలేదు. ఆ ప్రాంతమున నేలక్రింద పాలికా బజారు వెలసినది. కాఫీ హౌసు బాబా ఖడక్ సింగ్ మార్గములోని మోహన్ సింగ్ ప్లేసుకు, మేడమీదికి మారినది.

సంస్థ బ్రతికినది, మరి పోయినదేమి? దారిన పోవువాడు నేలమీది బల్లను చూచి, తెలిసిన ముఖము కనిపించిన ఆగును. మేడ ఎక్కవలెనన్న ముందుగా నిశ్చయించుకొని రావలెను. యాదృచ్ఛికముగా కలియుట తగ్గి, కావలెనని కలియుట మిగిలినది. బల్లలను, కుర్చీలను మార్చవచ్చును. దారిన పోవు పరిచయమును మార్చుట సాధ్యము కాదు.

ఇదే మార్పు ఉద్యోగుల నివాసములకును వచ్చినది. సరోజినీనగర్, నేతాజీనగర్, నౌరోజీనగర్ మొదలైన ఏడు ప్రభుత్వ కాలనీల పునర్నిర్మాణమునకు 2016లో కేంద్ర మంత్రివర్గము అనుమతించినది. పాత రెండంతస్తుల క్వార్టర్ల స్థానమున ఎత్తైన భవనములు లేచుచున్నవి. వసతి పెరుగుట మంచిదే, కొరత తీరవలసినదే. కాని చెట్టునీడ చాయ దుకాణమునకు, క్వార్టరు ముందరి మడతమంచమునకు నక్షాలో గడి ఉండదు.

గతమునంతటిని బంగారమనుటయు న్యాయము కాదు. ఆ బల్లలు చాలవరకు పురుషులవే. భర్త కన్నాట్ ప్లేసులో దేశము బాగుచేయుచుండగా భార్య భాష తెలియని పేటలో, పసిబిడ్డతో, అతని రాకకై ఎదురుచూచుచుండెను. ఆమె ఒంటరితనమునకు ఏ కాఫీ హౌసును మందు కాలేదు. కనుక పోయినదానిని ఉన్నదున్నట్లు తిరిగి తెచ్చుట కోరదగినది కాదు. అందులోని సారమును, మరింతమందికి అందునట్లు, నిలుపుకొనుట కోరదగినది.

ఆ సారమేమనగా, పిలుపు లేకయే పోగల చోటు. సాంస్కృతిక సంఘములు ఉగాదికి పచ్చడి పంచును, సంక్రాంతికి ముగ్గులు వేయించును, సంచికలు వెలువరించును. ఇవన్నియు మెచ్చదగినవే. కాని వీనికి తేదీ కలదు, ఆహ్వానపత్రిక కలదు, చందా కలదు. నిన్న బదిలీపై దిగిన కుటుంబమునకు ఉగాది ఎనిమిది నెలల దూరములో నుండవచ్చును. వారమునకొక సాయంకాలము, ఏ కార్యక్రమమును లేకుండ, స్త్రీలకు పురుషులకు సమముగా, ఒక గది తలుపు తెరచి, కొన్ని కుర్చీలు వేసి, కాఫీ కాచి ఉంచుటకు పెద్ద వ్యయము కాదు. ఉపన్యాసకుడు అక్కరలేదు, సన్మానము అక్కరలేదు. వచ్చినవానిని 'మీది ఏ ఊరండీ?' అని అడుగువాడు ఒక్కడు ఉండిన చాలును.